కాంట

మే నెల. నలభై నాలుగు డిగ్రీలు.
కొత్తవాడ యువజన సంఘం డాబా మీద
పదకొండు మంది పిల్లలు
మంకీ టోపీలు పెట్టుకొని చెమటలు కక్కుతున్నరు.

మనాలి అవతల, మంచుల,
ఒక్క రాత్రి పండుకొని వచ్చేదానికి
మూడు నెలల సంది ఇదే పని.
పొద్దుగాల ఐదింటికి, వీపున ఇసుక సంచులతోని
పద్మాక్షి గుట్ట ఎక్కుడు, దిగుడు.
"మంచు ఎట్లుంటది సార్?" అన్నది గుగులోతు జమున.
నాకు మాత్రం ఏం తెలుసు?
ఐసు కార్ఖానకు తోలుకపోయిన.
దిమ్మెల నడుమ పది నిమిషాలు నిలబడ్డరు,
ఊకపొట్టు అంటిన చేతులు చంకల్ల పెట్టుకొని.
"గింతేనా" అన్నడు యాకూబ్ పాషా,
పండ్లు టకటక కొట్టుకుంట.

రేపు కాజీపేటల రైలు.
ఎనుమాముల యార్డుల ఒక హమాలీని బతిమాలి తెచ్చిన కాంటను
నీళ్ల ట్యాంకు కమ్మీకి కట్టిన.
మిర్చి బస్తాలు మోసి మోసి
దాని కొక్కానికి ఇంకా ఘాటు పోలేదు.
మొదటి సంచీ తగిలించంగనే డాబా అంతా తుమ్ములు.

మనిషికి ఎనిమిది కిలోలు, నీళ్లతో కలిపి.
ఎక్కువైతే కొండ వెనక్కి గుంజుతదని
ఎవరో చెప్పిన మాట
నేను చూసినట్టే చెప్పిన.

సంచులు విప్పించిన.
ఉన్ని సాక్సుల లోపల సకినాలు,
పగలకుంట ఒక్కోటి ఒక్కో సాక్సుల.
జమున సంచిల అద్దాల రవిక:
"అక్కడ ఫోటో దిగొద్దా సార్?"
యాకూబ్ వాళ్లమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు,
స్టీలు డబ్బాల, మూత చుట్టూ మైనం.
పూనెం సమ్మక్కది మాత్రం ఆరు కిలోలే.
ఏటూరునాగారం అడివి పిల్ల, హాస్టల్ల ఉండి చదువుతది.
అడుగున నూనె కాగితంల చుట్టిన అగ్గిపెట్టె.
"తడిసిన కట్టె ఎట్ల అంటుకుంటదో మా తాత నేర్పిండు సార్."
అక్కడ కట్టెలుంటయో లేవో నేను కనుక్కోనే లేదు.
ఆ సంచీ నేనే మళ్ల సర్ది కట్టిన, మెల్లగ.

మార్కండేయది పదకొండు.
విప్పితే జంపఖాన. ఎర్రది, నీలి అంచుది.
"మా నాయిన నేసిండు. కింద భూమి సల్లగుంటదట."
వద్దురా, స్పాంజి చాప ఇస్తున్నం గదా,
కాగితమంత బరువు, అన్న.
వాడు మారు మాట్లాడలే.
నాలుగు మూలలు కలిపి మడతపెట్టి
ఇంటికి పోయి పెట్టొచ్చిండు.

రాత్రి పదింటికి మెట్ల మీద దగ్గు.
వాళ్ల నాయిన రాజమల్లు.
భుజం మీద అదే జంపఖాన. చేతిల కత్తెర.
వద్దన్న. రాజమల్లన్నా, వద్దన్న.
ఆయన పరిచి, కొడుకును దాని మీద పండుమన్నడు.
భుజాలకు ఇటొకటి, మడిమలకు అటొకటి
సుద్దతోని గీతలు గీసిండు.
నలభై ఏండ్లు, పోగు తెగితే అతుకేసిన వేళ్లు.
ఆ వేళ్లకు కత్తెర ఎట్ల పట్టుకోవాల్నో
ఒక్క ఘడియ యాదికి రానట్టే ఉన్నది.
తర్వాత ఒకటే కరకర.

అంచు పోగులు ఊడిపోకుంట
అందరం చుట్టూ కూసొని ముడులేసినం.
నా ముడులు ఆయన మూడుసార్లు విప్పి మళ్ల వేసిండు.
మిగిలిన ముక్క చంకల పెట్టుకొని
"గిది గడప కాడికి పనికొస్తది" అనుకుంట దిగిపోయిండు.

మార్కండేయ సంచీ కొక్కానికి తగిలించిన.
ముల్లు ఎనిమిది దాటి కొంచెం ఊగింది.
అది ఆగకముందే దించిన.

"మరి మీది, సార్?" అన్నది జమున.

పన్నెండున్నర.
పదకొండు జతల సాక్సులు ఎక్కువవి,
గ్లూకోజు పొట్లాలు, కట్టు గుడ్డలు, టార్చి, దానికో టార్చి,
అందరి తల్లుల ఫోన్ నంబర్లు రాసిన లావు నోటుబుక్కు.
ఏది తీయాల్నో మీరే చెప్పున్రి, అన్న.
పిల్లలు సంచీ చుట్టూ గొంతుకూర్చొని
చానాసేపు జూసి, గుసగుసలు పెట్టుకొని
సబ్బు తీసిన్రు.